మూడో ప్రశ్న

కడప, కేంద్ర కారాగారం
3 ఫిబ్రవరి 2025

స్తుతమ్మకు,

ఈ తొమ్మిదేళ్లలో నీకు పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అది నీ తప్పని అనడం లేదు. ఈసారి నీ క్షేమం అడగడానికి కాదు, ఒక పని మీద రాస్తున్నాను.

మీ అమ్మ పోయిన నెల ములాఖత్‌కు వచ్చినప్పుడు చెప్పింది. "పాప ఫోన్లో ఏందో యంత్రముండాది. తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్తాండాది. కెమిస్ట్రీ పాఠాలు గూడా దాన్నే అడుగుతాండాది" అంది. ఇక్కడి లైబ్రరీకి వచ్చే పేపర్లో నేనూ చదివాను. చాట్‌బాట్ అంటారట. లెక్కలేనన్ని పుస్తకాలు చదివిందట. ఎలాంటి ఉత్తరం కావాలన్నా నిమిషంలో రాసిపెడుతుందట. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. పదో తరగతితో ఆగిపోయిన నాలాంటి వాడు అడిగినా జవాబు చెబుతుందా అని మీ అమ్మను అడిగాను. "దానికి చిన్నా పెద్దా లేదంట" అంది.

నేను ఓబులేష్ భార్య శివలీలకు ఒక ఉత్తరం రాయాలి. ఆరేళ్లుగా రాయబోతున్నాను. "శివలీలమ్మకు" అని రాసి, అక్కడే ఆగిపోతున్నాను. అందుకే నా తరఫున నువ్వు దాన్ని అడగాలి. నా ప్రశ్న కింద రాస్తున్నాను. ఒక్క మాట కూడా మార్చకుండా కొట్టు.

"మా ఊరి కాలువ నీళ్ల దగ్గర జరిగిన ఒక గొడవలో ఓబులేష్ అనే రైతు దురదృష్టవశాత్తు చనిపోయాడు. అతని భార్యకు మనసుకు తాకేలా, మంచి తెలుగులో ఒక ఉత్తరం రాసిపెట్టగలరు."

అంతే. జవాబు నీ చేతిరాతతో పంపినా చాలు. కష్టమైతే వదిలెయ్.

మీ నాయన
గాబ్రియేలు


కర్నూలు, ఉమెన్స్ హాస్టల్
17 ఫిబ్రవరి

గాబ్రియేలు గారికి,

మీరు రాసింది ఒక్క అక్షరం మార్చకుండా కొట్టాను. అది రాసిన ఉత్తరం పేజీన్నర ఉంది. మొదటి నాలుగు వాక్యాలు ఇక్కడ రాస్తున్నాను.

"గౌరవనీయులైన సోదరికి, మీ భర్త ఓబులేష్ గారి అకాల మరణ వార్త నన్నెంతో కలచివేసింది. ఈ తీరని లోటును తట్టుకునే ధైర్యం మీకు కలగాలని కోరుకుంటున్నాను. ఆయన జ్ఞాపకాలు మీకు తోడుగా ఉంటాయి. ఈ కష్టకాలంలో నా వంతు సాయం ఏదైనా అవసరమైతే సంకోచించకండి."

సంతాపం తెలుపుతూ రాసింది. చంపిన మనిషి పేరుతో, సంతాపం.

నాకు మొదట ఆ యంత్రం మీద కోపం వచ్చింది. తర్వాత మీ ప్రశ్న మళ్లీ చదివాను. నాలుగుసార్లు చదివాను. అందులో కాలువ ఉంది, గొడవ ఉంది, దురదృష్టం ఉంది. మీరు లేరు. మన ఊళ్లో ఎవరికైనా ఆ మాటలు చూపిస్తే వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్లకు ముందే తెలుసు. దానికి తెలియదు. మీరు చెప్పిందే దానికి తెలుసు. దాన్ని బట్టి ఎవరో పక్క ఊరి పెద్దమనిషి పరామర్శకు రాయిస్తున్నాడనుకుంది.

మళ్లీ అడగాలంటే మళ్లీ రాయండి. కొడతాను. అమ్మ కోసం.

స్తుతి


కడప
9 మార్చి

స్తుతమ్మకు,

నీ అక్షరాలు పదేళ్ల వయసప్పటివే నాకు గుర్తు. ఇప్పుడవి కుడివైపుకు వాలి, ఎవరో పెద్దావిడ రాసినట్టున్నాయి. కవరు తెరిచాక కాసేపు చదవకుండా ఊరికే చూశాను.

తర్వాత చదివాను. "మీరు లేరు" అని రాశావు. నిజమే. ఆ వాక్యం రాసేటప్పుడు నాకది తెలియనే లేదమ్మా. నిజం రాస్తున్నాననే అనుకున్నాను. కోర్టులోనూ అలాగే చెప్పాను, "జరిగింది" అని. మీ అమ్మతోనూ అలాగే అన్నాను. ఇన్నేళ్లలో ఎవరూ నన్ను ఆపలేదు. మనిషి కాని ఒక వస్తువు, నా మాటను నేనెలా రాశానో అలాగే పట్టుకుని, నాకే తిప్పి చూపించింది. ఆ సంగతి తలచుకుంటే భయం లాంటి ఆశ్చర్యం కలుగుతోంది.

రెండో ప్రశ్న రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. ఇక్కడ కాగితం సులువుగా దొరకదు. అందుకని తోటపనిలో మొక్కలకు నీళ్లు పెట్టేటప్పుడు మనసులోనే రాసి, చెరిపి, మళ్లీ రాశాను. నాతో ఉండే సుబ్బయ్య అనే పెద్దాయన నా పెదాలు కదలడం చూసి అడిగాడు. సంగతి చెప్పాను.

"యంత్రాన్ని అడిగే ముక్కకు ఇంత యోచన ఏందప్పా?" అన్నాడు. "జడ్జి అడిగినప్పుడు గూడా ఇంత యోచన చేసి చెప్పింటావా నువ్వు?"

ఇదిగో ప్రశ్న.

"నేను ఓబులేష్ అనే మనిషిని పారతో కొట్టి చంపాను. అతను నా పక్క చేను వాడు, నా స్నేహితుడు. ఆ రోజు నీళ్ల వంతు అతనిది, నాది కాదు. తొమ్మిదేళ్లుగా జైల్లో ఉన్నాను. నన్ను క్షమించమని అతని భార్యను అడగాలి. ఆ ఉత్తరం రాసి పెట్టు."

"చంపాను" అనే మాటను కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. దాన్ని నీ చేత కొట్టిస్తున్నాను. దానికి ఏమనాలో నాకు తెలియదు.

నాయన


కర్నూలు
2 ఏప్రిల్

మీకు,

వంతు మీది కాదని నాకు తెలియదు. నీళ్లు మన వంతువే అని, ఓబులేష్ అడ్డం తిప్పుకున్నాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. బడిలో ఆ మాట పట్టుకునే ఇద్దరు అమ్మాయిలతో పోట్లాడాను. అమ్మకు తెలుసా?

సరే, ప్రశ్న సంగతి. ఈసారి జవాబు చూసి నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. అదే యంత్రం, అదే భాష. కానీ వేరే మనిషి మాట్లాడినట్టుంది. "తీరని లోటు" లేదు, "సంకోచించకండి" లేదు. చిన్న వాక్యాలు. "నేను మీ భర్తను చంపాను. ఆ రోజు వంతు ఆయనది" అని మొదలుపెట్టింది. మీరు "చంపాను" అన్నారు, అది మొత్తం మారిపోయింది.

మా ల్యాబ్‌లో ఒక ప్రయోగం ఉంది. ఫ్లాస్కులో ద్రావణం నీళ్లలా ఉంటుంది. పైనుంచి ఇంకో ద్రావణం చుక్క చుక్కగా వేస్తూ పోతాం. ఎన్ని వేసినా రంగు నిలవదు. ఒకానొక చుక్క పడగానే ఫ్లాస్కంతా గులాబీ రంగు అయిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను గట్టిగా అరిచాను, మేడం తిట్టింది. ఈ జవాబు చూసినప్పుడు అలాగే అనిపించింది.

మీకు పంపే ముందు ఒక పని చేశాను, కోప్పడకండి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కూర్చుని, మీ ప్రశ్నలో ఒక్కో మాట తీసి, మార్చి, మళ్లీ మళ్లీ అడిగాను. "స్నేహితుడు" తీసేస్తే ఉత్తరం పోలీసు కాగితంలా అయింది. "పారతో" తీసేస్తే మెత్తబడింది. అన్నిటికంటే ఎక్కువ లాగుతున్న మాట ఏదో తెలుసా? "నన్ను క్షమించమని". అది ఉన్నంతసేపూ ఉత్తరంలో ప్రతి వాక్యమూ తిరిగి తిరిగి మీ దగ్గరికే వస్తోంది. నా బాధ, నా పశ్చాత్తాపం, నాకు నిద్ర పట్టడం లేదు. ఆమె ఎక్కడా లేదు. చివర ఒకటి రెండుసార్లు, అదీ మీకు ఏదో ఇవ్వడానికి మాత్రమే కనిపిస్తోంది.

మీరు మొదటిసారి అడిగినప్పుడు అందులో మీరు లేరు. ఇప్పుడు ఆమె లేదు.

ఆ ఉత్తరం బాగానే ఉంది. ఈ కవర్లోనే పెట్టాను, కావాలంటే చూసి రాసుకోవచ్చు. కానీ "క్షమించు" అనే మాట లేకుండా అడిగితే అది ఏమంటుందో నాకు తెలుసుకోవాలని ఉంది. ఆ ప్రశ్న నేను రాయకూడదు. మీరే రాయాలి.

స్తుతి


కడప
11 మే

స్తుతమ్మకు,

మీ అమ్మకు తెలియదు. ఆ వంతులు మేమిద్దరం నోటిమాటగా వేసుకున్నవి. ఆ సంగతి నాకూ ఓబులేష్‌కూ మాత్రమే తెలుసు. నీకూ ఆ అమ్మాయిలకూ మధ్య పోట్లాట పెట్టింది నేనే.

యంత్రం రాసిన ఉత్తరం చదివాను. నేను రాయగలిగినదానికంటే ఎంతో బాగుంది. అయినా చూసి రాసుకోలేదు. నీ మాటే చెవిలో ఉంది. ఆమె లేదు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. వంగ మొక్కలు పది గంటలకే తల వేలాడేస్తున్నాయి. నీళ్లు పెట్టేటప్పుడు ఒక సంగతి తట్టింది. నేను ఇన్నాళ్లూ దాన్ని ఉత్తరం రాసిపెట్టమనే అడిగాను. ఏం రాయాలో నాకు తెలియనప్పుడు దానికెలా తెలుస్తుంది? నాకు తెలియనిది అడగాలి. అంత పెద్ద చదువు చదివినదాన్ని గుమాస్తా పనికి పెట్టుకున్నాను.

నెల రోజులు పట్టింది. రాసినవి చాలా పెద్దవిగా ఉండేవి. ఒక్కో మాట తీసేస్తూ వచ్చాను. చివరికి ఇంతే మిగిలింది.

"నేను ఒక మనిషిని చంపాను. అతని భార్య బతికి ఉంది. నా దగ్గర నుంచి ఆమెకు రావాల్సినది ఏదైనా ఉందా? ఉత్తరం రాయొద్దు. తెలియకపోతే తెలియదని చెప్పు."

దేవుణ్ణి అడిగేటప్పుడు కూడా నేనింత సరిగ్గా అడగలేదు తల్లీ. అక్కడ ఎప్పుడూ నాకేం కావాలో చెబుతూ వచ్చాను.

నాయన


కర్నూలు
30 మే

నాయనకు,

పరీక్షలు అయిపోయాయి. ఈ ఉత్తరం పోస్టు చేసి ఊరికి బస్సెక్కుతాను.

జవాబు చిన్నది. అందుకే మొత్తం రాస్తున్నాను.

"ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు. తెలుసని చెబితే అబద్ధమవుతుంది. ఒకటి మాత్రం చెప్పగలను. ఇలా మనిషిని పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది, ఆ మనిషి చివరి సమయం ఎలా గడిచిందో తెలియక, ఏళ్ల తరబడి దాన్నే ఊహించుకుంటూ ఉంటారు. ఆ సమయంలో మీరు అక్కడ ఉంటే, మీరు చూసింది, విన్నది మీ దగ్గర తప్ప ఎక్కడా లేదు. అది ఆమెకు చెందినది కావచ్చు. కానీ కావాలో వద్దో ఆమే చెప్పాలి. ముందు మరొకరి ద్వారా అడిగించండి. ఆమె వద్దంటే అక్కడితో ఆగండి. చెప్పడమే జరిగితే, మీ బరువు దించుకోవడానికి చెప్పకండి. మీకు చెడ్డగా ఉండే భాగాన్ని కూడా దాచకండి."

హాస్టల్ మెట్ల మీద కూర్చుని చదివాను. చుట్టూ అందరూ పెట్టెలు సర్దుకుని దిగుతున్నారు. నాకు ఎవరి గొంతూ వినపడలేదు. దానికి ఓబులేష్ తెలియదు, మన కాలువ తెలియదు, శివలీల ముఖం ఎప్పుడూ చూడలేదు. అయినా నేరుగా వచ్చి ఒక తలుపు ముందు నిలబడింది. మీరు "ఉత్తరం రాయొద్దు" అని ఉండకపోతే మళ్లీ ఒక చక్కటి ఉత్తరం రాసిచ్చి పోయేదేమో. "తెలియకపోతే తెలియదని చెప్పు" అన్నారు, మొదటి వాక్యంలోనే తెలియదని చెప్పింది. అది గొప్పదా, మీ ప్రశ్న గొప్పదా, నేను తేల్చుకోలేకపోతున్నాను.

కొట్టి పారిపోయానని మీరు కోర్టులో చెప్పారని అమ్మ అంటుంది. నాయనా, చివర్లో మీరు అక్కడ ఉన్నారా?

స్తుతి
(ఇకనుంచి ఊరి అడ్రసుకు రాయండి.)


కడప
16 జూన్

నా బిడ్డ స్తుతికి,

ఉన్నాను.

ఈ మాట రాసి పెన్ను మూసేశాను. మళ్లీ తీస్తున్నాను.

ఆ మధ్యాహ్నం నా మిరప చేను ఎండిపోతోంది. కాలువ గండి దగ్గర, చేనుకు నీళ్లు మళ్లే మడవను నా వైపుకు తిప్పుకున్నాను. ఓబులేష్ వచ్చి, "ఏమప్పా, ఇయ్యాల నాది గదా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నేను మాట తూలాను. అతను వంగి మట్టి తీయబోయాడు. నేను పార ఎత్తాను. ఒక్కటే దెబ్బ.

పారిపోలేదు. అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నీళ్లు అడిగాడు. కాలువలో దోసిలి ముంచి తాగించాను. మన చేతి నీళ్లు వాళ్ల ఇంట్లో ఎవరూ తాగరు, నీకు తెలుసు. అతను రెండుసార్లు తాగాడు. పోతున్నానని అతనికి తెలియలేదు. నన్ను చూసి, "రేపు చేనికి మందు కొట్టేదానికి వస్తావు గదప్పా? శివలీలతో బిందెలు మోయించొద్దు. ఆయమ్మకు నడుము పట్టుకున్నాది" అన్నాడు. వస్తానన్నాను. తర్వాత మాట్లాడలేదు. అరగంట, అంతకంటే ఎక్కువే ఉండొచ్చు, ఊపిరి ఉంది.

జేబులో ఫోన్ ఉంది. 108కు చేయలేదు. కేక వేస్తే వినపడేంత దూరంలో కూలీలు ఉన్నారు. వేయలేదు. ఎవరైనా వస్తే నేనే చేశానని తెలుస్తుందనే భయం. బతికితే బాగుండునని అనుకుంటూనే కదలకుండా కూర్చున్నాను. ఊపిరి ఆగాక అప్పుడు పరుగెత్తాను. కొట్టగానే పారిపోయానని చెప్పింది అందుకే. కోపంలో చేసినదానికి శిక్ష పడింది. ఆ అరగంటకు పడలేదు.

దీంతోపాటు ఇంకో కాగితం పెట్టాను, శివలీలకు. ఇప్పుడు నీకు రాసిందే, ఇంకా తక్కువ మాటల్లో. యంత్రం రాసింది కాదు. క్షమించమని ఎక్కడా లేదు. ముందు అడుగు. వద్దంటే చించెయ్.

నువ్వు ఇక రాయకపోయినా నాకు అర్థమవుతుంది.

నాయన


ఆత్మకూరు దగ్గర, మన ఊరు
20 జులై

నాయనా,

నెల రోజులు మీకు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను. జేబులో ఫోన్ ఉందని రాశారే, ఆ వాక్యం దగ్గర నాకు మీ మీద పుట్టిన అసహ్యం ఇంకా పోలేదు. దాచకుండా చెబుతున్నాను. అమ్మకు చదివి వినిపించాను. అమ్మ పొయ్యి ఆర్పేసి బయటికి వెళ్లిపోయింది. ఆ పూట వంట లేదు.

అయినా ఆ కాగితం నాది కాదు, చించడానికి. పాలకేంద్రం దగ్గర పొద్దున్నే శివలీలమ్మను కలిశాను. తొమ్మిదేళ్లుగా మన వీధిలోకి రాని మనిషి. నన్ను పోల్చుకోలేదు.

"ఎవురు పాపా నువ్వు?"

"గాబ్రియేలు బిడ్డను."

క్యాను కింద పెట్టింది. "ఏమంట?"

"నాయన ఒక కాయితం పంపించినాడు. మీరు కావాలంటేనే ఇయ్యమన్నాడు. వద్దంటే చించేస్తా."

"క్షమించమనా?"

"కాదు."

"మరేంది?"

"చివర్లో ఆయప్ప దగ్గర ఏం జరిగిందో రాసినాడు."

ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత క్యాను ఎత్తుకుని వెళ్లిపోయింది. వద్దనలేదు, కావాలనలేదు. ఏం చేయాలో తెలియక కాగితాన్ని బైబిల్లో పెట్టాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మన గడప ముందు నిలబడి ఉంది. అమ్మ లేచి నిలబడింది. శివలీలమ్మ నా వైపు తిరిగింది. "యాడుండాది ఆ కాయితం?" అంది నాతో.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే చదివింది. ఒక చోట ఆగి, "అరగంట" అంది. మళ్లీ, "అరగంటంటే ఆత్మకూరు ఆస్పత్రికి పోవచ్చు గదమ్మా" అంది. అరవలేదు. నన్నే అడిగింది, నేను చెప్పగలనన్నట్టు. అమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తోంది.

తర్వాత ఇంకాస్త కిందికి చదివి, కాగితం నా చేతికి ఇచ్చింది. "కండ్లు సరిగ్గా కనపడ్ల్యా. ఆ మాట నువ్వు చదువు" అంది.

చదివాను. "శివలీలతో బిందెలు మోయించొద్దు. ఆయమ్మకు నడుము పట్టుకున్నాది."

"ఇంగోసారి."

చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది. ఆమె పెదాలు నాతో పాటు కదులుతున్నాయి.

"నేను చెప్పనేలేదే" అంది. "ఆ మనిషికి నేను ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే పనికి రావద్దంటాడని దాచిపెట్టినా. వంగేటప్పుడు పండ్లు బిగబట్టుకునేదాన్ని. ఆయప్ప అట్ల చూసేవాడే గానీ ఒక్క మాట అడిగినోడు కాదు. నన్ను పట్టించుకోడనుకున్నా." నా చేతిలో కాగితాన్ని వేలితో తాకింది. "ఆయప్పకు తెలుసంట."

నాయనా, ఆమె ముఖం ఎలా మారిందో నాకు రాయడం చేతకాదు. దుఃఖమే. కానీ తొమ్మిదేళ్లు పాతది కాదు, అప్పుడే పెళ్లైన ఆడమనిషి దుఃఖంలా కొత్తగా ఉంది. నేనూ అమ్మా అక్కడ ఉండకూడదేమో అనిపించింది.

కాగితం తిరిగి తీసుకుని, మడిచి జాకెట్లో పెట్టుకుంది. గడప దిగి, వెనక్కి తిరిగింది.

"మీ నాయనకు జవాబు రాస్తావా?"

"రాస్తా."

"క్షమించినానని రాయొద్దు. నేను ఆ మాట అనలేదు. ఆయప్ప నీళ్లు తాగినాడని నాకు తెలిసిందని రాయి. ఆ మాట నాకు చేరిందని రాయి. అంతే. ఇంగేమీ కలపొద్దు."

ఏమీ కలపడం లేదు.

ఆగస్టు మొదటి శనివారం అమ్మతోపాటు నేనూ కడప వస్తున్నాను. మీతో ఏం మాట్లాడతానో నాకే తెలియదు. తిడతానేమో.

స్తుతి


కడప
28 జులై

స్తుతమ్మకు,

శనివారానికి ముందే ఇది నీకు అందుతుందో లేదో. అందకపోయినా రాయాలి.

నీ ఉత్తరం తోటలో ఇచ్చారు. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. తొమ్మిదేళ్లు ఆ మాట నా దగ్గర ఉంది. రోజూ వినపడేది. అది మందు కొట్టే పని గురించిన మాట అనుకున్నాను. నన్ను పనికి రమ్మన్న మాట అనుకున్నాను. వస్తానని రాలేకపోయానే అని దాని గురించే కుమిలాను. అందులో ఒక మగవాడు తన భార్యను ఎంతగా చూసుకుంటున్నాడో ఉందని, అది ఆమెకు ఎన్నడూ చెప్పని మాట అని, నాకు ఒక్క రోజు కూడా తట్టలేదు. నా దగ్గర ఏముందో తెలియకుండా ఇన్నేళ్లు దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

వార్డరు వచ్చి, "ఏమప్పా గాబ్రియేలూ, ఇంటికాడ ఏమన్నా అయిందా?" అన్నాడు.

"లేదు సార్" అన్నాను. "చేరిందంట."

నాయన